లాప్‌టాప్ ఫ్యాన్‌ను మన చెప్పుచేతల్లో పెట్టుకోవడం: లినక్స్‌లో థింక్‌ఫ్యాన్ సెటప్

పెద్ద పనేమీ చేయట్లేదు, ఒక పీడీఎఫ్ తెరిచి చదువుకుంటున్నారు, అంతే. ఉన్నట్టుండి ఫ్యాన్ గుయ్‌మని లేస్తుంది, పది సెకన్లు తిరిగి ఆగిపోతుంది, హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ లేస్తుంది. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఈ గోలతో నేను కొన్ని నెలలు వేగాను. అదే ఫ్యాన్ ఒకే వేగంతో మెల్లగా తిరుగుతూ ఉంటే కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చిరాకంతా ఆ లేవడం, ఆగడం, మళ్లీ లేవడంతోనే. కాబట్టి మనం చేయబోయేది ఫ్యాన్‌ను ఆపేయడం కాదు, దాని వేగం మాటిమాటికీ మారకుండా చూడటం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద రాసిన అంకెలన్నీ ఎందుకు అలా ఉన్నాయో తేలిగ్గా అర్థమవుతుంది.

మామూలుగా ఫ్యాన్‌ను నడిపేది లినక్స్ కాదు. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది, అందరూ ఈసీ అంటారు. ఎంత వేడికి ఎంత వేగం అనే లెక్క తయారీదారులు దాని ఫర్మ్‌వేర్‌లోనే పెట్టి పంపిస్తారు. ఆ లెక్క నచ్చనప్పుడు కొన్ని సెకన్లకోసారి లేచి, వేడి ఎంతుందో చూసి, ఫ్యాన్‌కి ఒక అంకె చెప్పి, మళ్లీ పడుకునే చిన్న బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ ఒకటి చాలు. లెనోవో థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లకు థింక్‌ఫ్యాన్ అలాంటిదే. ఏ ప్రోగ్రామ్ మెమరీ, ప్రాసెసర్ ఎంత వాడుతోందో చూపించే టాప్ కమాండ్‌లో వెతికినా కనిపించనంత తేలిక. ఈ గైడ్ ఎక్కువగా దాని గురించే, వేరే లాప్‌టాప్‌లు ఉన్నవాళ్లకు ఏ దారి ఉందో కూడా చెబుతాను.

ఒక మాట. కమాండ్లు, ఫైల్ పేర్లు అన్నీ ఇక్కడ పలికినట్టుగా తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో వాటిని మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. గీతలు, చుక్కలు, ఖాళీలు, అంకెలు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే.

ముందు ఈ మూడూ చూడండి

టాప్ కమాండ్ నడిపి, ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్‌ను ఏది తింటోందో చూడండి. వెనకాల ఏదో ఫైల్ ఇండెక్సింగ్ ప్రోగ్రామో, ఇరుక్కుపోయిన బ్రౌజర్ ట్యాబో ఒక కోర్‌ను పూర్తిగా లాగేస్తుంటే ఫ్యాన్ తిరగడం న్యాయమే, ముందు దాన్ని ఆపాలి. రెండోది దుమ్ము. వేడి బయటికి పోయే రెక్కల మధ్య దుమ్ము మెత్తలా పేరుకుంటే ఏ సెట్టింగూ పనిచేయదు, ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి రాదు. గాలి ఊది శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితోనో పుల్లతోనో కదలకుండా పట్టుకోండి, లేదంటే ఆ గాలికి అది అడ్డదిడ్డంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

మూడోది చాలామందికి తెలియదు. కెర్నల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే లినక్స్ అసలు భాగం) 5.12 వెర్షన్ నుంచి ప్లాట్‌ఫామ్ ప్రొఫైల్ అనే సదుపాయం వచ్చింది. మీ మెషీన్‌లో ఈ ఫైల్ ఉందేమో చూడండి:

క్యాట్ /సిస్/ఫర్మ్‌వేర్/ఏసీపీఐ/ప్లాట్‌ఫామ్_ప్రొఫైల్

ఉంటే అది లో-పవర్, బ్యాలెన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ లాంటి మాటల్లో ఒకటి చూపిస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో ఉందంటే ముందు బ్యాలెన్స్‌డ్‌కి మార్చి రెండు రోజులు వాడండి. డెస్క్‌టాప్ సెట్టింగుల్లో పవర్ మోడ్ అని కనిపించేది చాలా మెషీన్లలో దీన్నే మారుస్తుంది. దీంతోనే గోల తగ్గితే మిగతాదంతా అక్కర్లేదు. ఈసీ చేతిలో ఉన్న పనిని ఈసీకే వదిలేయడం ఎప్పుడూ అన్నిటికన్నా భద్రమైన దారి.

మీ మెషీన్‌కి ఏది సరిపోతుంది

లినక్స్‌లో వేడి, ఫ్యాన్ వేగం లాంటి కొలతలన్నీ హెచ్‌డబ్ల్యూమాన్ అనే ఏర్పాటు కింద ఫైళ్లలా కనిపిస్తాయి. ఏవేవి ఉన్నాయో ఇలా చూడొచ్చు:

గ్రెప్ . /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్/హెచ్‌డబ్ల్యూమాన్*/నేమ్

ఇంటెల్ ప్రాసెసర్ అయితే కోర్‌టెంప్, ఏఎండీ అయితే కే10టెంప్ అని ఒక పేరు వస్తుంది. ఎన్‌వీఎంఈ డిస్క్ ఉంటే ఎన్‌వీఎంఈ అని, థింక్‌ప్యాడ్ అయితే థింక్‌ప్యాడ్ అని కూడా కనిపిస్తాయి. ఆ ఫోల్డర్లలో టెంప్1_ఇన్‌పుట్ అనే ఫైల్ చదివితే 47000 లాంటి అంకె వస్తుంది. కంగారు పడకండి, అది డిగ్రీలో వెయ్యో వంతుల్లో చెప్పే లెక్క, అంటే 47 డిగ్రీలు. ఫ్యాన్1_ఇన్‌పుట్ అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అని. ఇవన్నీ చదవడానికి వీలుగా ఒకేచోట కావాలంటే ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ వేసుకుని సెన్సర్స్ అని కొడితే చాలు.

ఇప్పుడు ఫ్యాన్‌ను మార్చే దారి. థింక్‌ప్యాడ్‌లలో /ప్రాక్/ఏసీపీఐ/ఐబీఎం/ఫ్యాన్ అనే ఫైల్ ఉంటుంది, మనకు కావాల్సింది అదే. వేరే లాప్‌టాప్‌లలో హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్లలో పీడబ్ల్యూఎం1 అనే ఫైల్ కనిపిస్తే మీకు అదృష్టం ఉన్నట్టే, దానికి 0 నుంచి 255 వరకు అంకె ఇవ్వొచ్చు. పక్కనే ఉండే పీడబ్ల్యూఎం1_ఎనేబుల్‌లో 1 అంటే మన చేతిలో ఉన్నట్టు, 2 లేదా అంతకన్నా పెద్ద అంకె అంటే ఆటోమేటిక్. ఇలాంటి మెషీన్లకు ఎల్ఎం-సెన్సర్స్ ప్రాజెక్టుదే ఫ్యాన్‌కంట్రోల్ అనే చిన్న షెల్ స్క్రిప్ట్ ఉంది, పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ నడిపితే అది ప్రశ్నలు అడిగి కాన్ఫిగ్ ఫైల్ తయారుచేస్తుంది. అది పరీక్ష కోసం ఫ్యాన్‌ను కాసేపు ఆపి చూస్తుంది, కాబట్టి మెషీన్ చల్లగా ఉన్నప్పుడే నడపండి.

పాత మ్యాక్‌బుక్‌లకు ఎంబీపీఫ్యాన్ అచ్చంగా ఇలాంటి చిన్న సర్వీసే. డెల్‌కి ఐ8కేయుటిల్స్ ఉంది. హెచ్‌పీ, ఏసర్, ఆసుస్ లాంటి వాటిలో పీడబ్ల్యూఎం ఫైల్ కనిపించకపోతే ఎన్‌బీఎఫ్‌సీ-లినక్స్ అనే సర్వీస్ ఉంది, అది నేరుగా ఈసీ రిజిస్టర్లలో, అంటే ఆ చిప్ లోపల అంకెలు ఉండే గళ్లలో రాస్తుంది. దాని విషయంలో మాత్రం గట్టిగా ఒక మాట చెప్పాలి: అచ్చంగా మీ మోడల్ పేరుతో కాన్ఫిగ్ ఉంటేనే వాడండి. దగ్గరి మోడల్‌ది పెట్టి చూద్దాం అనుకోవద్దు, ఒక మోడల్‌లో ఫ్యాన్ వేగం ఉండే రిజిస్టర్‌లో ఇంకో మోడల్‌లో వేరే ఏదో ఉండొచ్చు. కనీసం మొదటిసారి దాన్ని రీడ్-ఓన్లీ పద్ధతిలో నడిపి, అది చూపించే వేడి, వేగం నిజంతో సరిపోలుతున్నాయో చూసుకున్నాకే రాయనివ్వండి.

కెర్నల్ అనుమతి, చేత్తో పరీక్ష

థింక్‌ప్యాడ్ దగ్గరికి వద్దాం. ముందు ఆ ఫైల్ చదవండి:

క్యాట్ /ప్రాక్/ఏసీపీఐ/ఐబీఎం/ఫ్యాన్

స్టేటస్, స్పీడ్, లెవెల్ అని మూడు వరుసలు వస్తాయి. వాటి కింద కమాండ్స్ అని మొదలయ్యే వరుసలు కూడా ఉంటే ఫ్యాన్‌ను మార్చడానికి అనుమతి ఉన్నట్టు. లేకపోతే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదు. కెర్నల్ డ్రైవర్ కావాలనే దీన్ని మూసి ఉంచుతుంది, తెరవాలంటే మనమే అడగాలి. /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ/ ఫోల్డర్‌లో థింక్‌ఫ్యాన్.కాన్ఫ్ అని ఒక ఫైల్ పెట్టి, అందులో ఈ ఒక్క వరుస రాయండి:

ఆప్షన్స్ థింక్‌ప్యాడ్_ఏసీపీఐ ఫ్యాన్_కంట్రోల్=1

తర్వాత రీబూట్ చేయండి. మాడ్యూల్‌ను తీసి మళ్లీ వేసే పద్ధతి కూడా ఉంది కానీ రీబూట్‌తో ఏ అనుమానం మిగలదు. మళ్లీ ఆ ఫైల్ చదివితే ఈసారి కమాండ్స్ వరుసలు కనిపించాలి.

సర్వీస్ పెట్టేముందు చేత్తో ఒకసారి పరీక్షించడం చాలా ముఖ్యం, ఇది వదిలేసి నేరుగా కాన్ఫిగ్‌కి వెళ్లొద్దు. ఇలా కొట్టండి:

ఎకో లెవెల్ 3 | సుడో టీ /ప్రాక్/ఏసీపీఐ/ఐబీఎం/ఫ్యాన్

సుడో అంటే ఆ కమాండ్‌ను అడ్మిన్ అధికారంతో నడపమని. మధ్యలో టీ ఎందుకంటే, సుడో ఎకో అని రాసి బాణం గుర్తుతో ఫైల్‌లోకి పంపితే పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. సుడో అధికారం ఎకోకే దక్కుతుంది, ఫైల్ తెరిచే పని మాత్రం మీ మామూలు షెల్ చేస్తుంది, దానికి ఆ అధికారం లేదు. ఇక్కడ ఇరుక్కుని గంటలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

లెవెల్ 0 అంటే ఫ్యాన్ ఆగిపోతుంది, 1 నుంచి 7 వరకు వేగం పెరుగుతుంది, ఆటో అంటే తిరిగి ఈసీ చేతికి. ఇంకోటి ఉంది, డిసెంగేజ్డ్. దాంట్లో ఈసీ వేగాన్ని కొలిచి అదుపు చేయడం మానేసి ఫ్యాన్‌ను పూర్తి బలంతో తిప్పుతుంది, 7 కంటే ఎక్కువ వేగం వస్తుంది, శబ్దమూ అంతే.

ఇప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, మీరు రోజూ కూర్చునే దూరంలోనే ఉండి, 1 నుంచి 7 వరకు ఒక్కోటి పెట్టి అర నిమిషం వినండి. ప్రతి లెవెల్‌కీ ఫైల్‌లో స్పీడ్ వరుసలో ఉన్న అంకెను కాగితం మీద రాసుకోండి. కొన్ని మోడళ్లలో రెండు పక్కపక్క లెవెళ్లకు వేగం ఒకటే ఉంటుంది, అలాంటప్పుడు రెంటిలో ఒకటి చాలు. నా చెవికి 1, 2 లెవెళ్లు గదిలో కలిసిపోయాయి, 3 దగ్గర ఉందని తెలుస్తుంది కానీ ఇబ్బంది లేదు, 5 దాటితే పని మీద నుంచి ధ్యాస లాగుతుంది. 4కి, 5కి తేడా వినిపించలేదు కాబట్టి 4 వదిలేశాను. మీ చెవి, మీ మెషీన్ వేరు, అందుకే ఈ పది నిమిషాలు కచ్చితంగా పెట్టండి. అయిపోయాక లెవెల్ ఆటో అని రాసి ఫ్యాన్‌ను ఈసీకి తిరిగి ఇచ్చేయండి.

కాన్ఫిగ్ ఫైల్

థింక్‌ఫ్యాన్ చాలా డిస్ట్రిబ్యూషన్ల రిపాజిటరీల్లో ఆ పేరుతోనే దొరుకుతుంది. 1.0 వెర్షన్ నుంచి కాన్ఫిగ్‌ను యామల్ అనే, వరుస మొదట్లోని ఖాళీలతో ఏది దేని కిందిదో చెప్పే పద్ధతిలో రాసుకోవచ్చు, ఫైల్ /ఈటీసీ/థింక్‌ఫ్యాన్.యామల్. యామల్‌లో వరుస మొదట్లో ట్యాబ్ వాడకూడదు, ఖాళీలే వాడాలి, ఎడిటర్ తనంతట తానే ట్యాబ్ పెడుతోందేమో చూసుకోండి. ఫైల్ పూర్తిగా ఇలా ఉంటుంది:

సెన్సర్స్:
  - హెచ్‌డబ్ల్యూమాన్: /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్
    నేమ్: కోర్‌టెంప్
    ఇండిసెస్: [1]

ఫ్యాన్స్:
  - టీపీఏసీపీఐ: /ప్రాక్/ఏసీపీఐ/ఐబీఎం/ఫ్యాన్

లెవెల్స్:
  - [1, 0, 58]
  - [2, 51, 64]
  - [3, 57, 70]
  - [5, 63, 77]
  - [7, 70, 85]
  - ["లెవెల్ డిసెంగేజ్డ్", 78, 32767]

మొదటి భాగంలో నేమ్ అనే వరుస గురించి ఒక మాట. పాత కాన్ఫిగ్ ఫైళ్లలో సెన్సర్ దారి మొత్తం, హెచ్‌డబ్ల్యూమాన్4 లాంటి నంబర్‌తో సహా రాసి ఉంటుంది. ఆ నంబర్ బూట్ చేసిన ప్రతిసారీ ఒకటే ఉంటుందన్న గ్యారంటీ లేదు, డ్రైవర్లు ఏ వరుసలో లోడ్ అయితే ఆ వరుసలో నంబర్లు పడతాయి. ఈరోజు ప్రాసెసర్‌ది అయిన నంబర్ రేపు బ్యాటరీది కావచ్చు, అప్పుడు సర్వీస్ చల్లటి బ్యాటరీని చూస్తూ కూర్చుంటే ప్రాసెసర్ ఉడికిపోతుంటుంది. పేరుతో వెతకమంటే ఈ ప్రమాదం ఉండదు. ఏఎండీ అయితే కోర్‌టెంప్ బదులు కే10టెంప్ అని రాయండి. ఇండిసెస్‌లో 1 అంటే టెంప్1, కోర్‌టెంప్‌లో అది మొత్తం ప్రాసెసర్ ప్యాకేజీ వేడి.

ఇక అసలు విషయం లెవెల్స్. ప్రతి వరుసలో మూడు అంకెలు: లెవెల్, కిందికి దిగే హద్దు, పైకి ఎక్కే హద్దు. లెవెల్ 1లో ఉండగా వేడి 58కి చేరితే 2కి ఎక్కుతుంది. 2లో ఉన్నప్పుడు 58 నుంచి ఒక్క డిగ్రీ తగ్గగానే వెనక్కి రాదు, 51 కంటే కిందికి పోతేనే 1కి దిగుతుంది. చివరి వరుసలో 32767 అంటే ఇక పై హద్దు లేదని.

ఎక్కే హద్దుకీ దిగే హద్దుకీ మధ్య ఉన్న ఆ 7 డిగ్రీల దూరంలోనే కిటుకంతా ఉంది. నేను మొదట రాసుకున్న కాన్ఫిగ్‌లో ఈ దూరం 2 డిగ్రీలే పెట్టాను. 58కి ఎక్కుతుంది, ఫ్యాన్ తిరగగానే క్షణాల్లో 55కి పడుతుంది, వెంటనే దిగుతుంది, ఫ్యాన్ నెమ్మదించగానే మళ్లీ 58. లాగ్ తెరిచి చూస్తే నిమిషానికి ఆరేడు సార్లు లెవెల్ మారుతోంది, ఈసీ చేతిలో ఉన్నప్పటికన్నా ఎక్కువ గోల. 7కి పెంచాక అదే పనిలో 2లో స్థిరపడి, పావుగంట పాటు కదల్లేదు. ఉదాహరణకి 55 డిగ్రీలు తీసుకోండి: కింది నుంచి వేడెక్కుతూ వస్తే 55 దగ్గర ఫ్యాన్ లెవెల్ 1లో ఉంటుంది, 60 నుంచి చల్లబడుతూ వస్తే అదే 55 దగ్గర లెవెల్ 2లో ఉంటుంది. ఒకే వేడికి రెండు వేగాలు ఉండటం పొరపాటు కాదు, వేగం ఊగిసలాడకుండా ఆపేది అదే. మీ మెషీన్‌లో ఇంకా ఊగుతుంటే 9, 10 వరకు పెంచి చూడండి.

నా పట్టికలో 0 లేదని గమనించే ఉంటారు. పూర్తి నిశ్శబ్దం కావాలనుకుంటే మొదటి వరుసను [0, 0, 52] అని, రెండోదాన్ని [1, 45, 58] అని మార్చుకోవచ్చు. నాకైతే ఎప్పుడూ లెవెల్ 1లో మెల్లగా తిరగడమే ఇష్టం. ఆగిన ఫ్యాన్ మొదలయ్యే ఆ క్షణంలో వచ్చే శబ్దమే చెవికి తగులుతుంది, పైగా సన్నగా గాలి ఆడుతుంటే ప్రాసెసర్ కాక మిగతా భాగాలు కూడా చల్లగా ఉంటాయి.

ఆ మిగతా భాగాల సంగతి కూడా ఆలోచించాలి. ప్రాసెసర్ వేడి ఒక్కటే చూస్తే, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది కానీ ఎన్‌వీఎంఈ డిస్క్ కాలిపోతుంటుంది. సెన్సర్స్ భాగంలో నేమ్: ఎన్‌వీఎంఈ అని ఇంకో సెన్సర్ చేర్చితే థింక్‌ఫ్యాన్ అన్నిటిలో ఎక్కువ ఉన్న వేడిని పట్టుకుని లెవెల్ నిర్ణయిస్తుంది. అయితే ప్రాసెసర్‌కి 65 ఒక లెక్క కాదు, డిస్క్‌కి 65 అంటే కాస్త ఆలోచించాల్సిందే. అందుకని ఆ సెన్సర్ కింద కరెక్షన్: [8] అని ఒక వరుస పెడితే డిస్క్ వేడికి 8 కలిపి చూస్తుంది, 60 ఉంటే 68 అనుకుని ఫ్యాన్ పెంచుతుంది. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న మెషీన్లలో ఆ చిప్ నిద్రపోయినప్పుడు దాని సెన్సర్ చదవడం కుదరక సర్వీస్ ఆగిపోవచ్చు, కొత్త వెర్షన్లలో ఆ సెన్సర్ కింద ఆప్షనల్: ట్రూ అని రాస్తే ఆ తప్పును పట్టించుకోదు. ప్రాసెసర్ సెన్సర్‌కి మాత్రం ఎప్పుడూ ఆప్షనల్ పెట్టొద్దు.

నడిపి చూడటం, సర్వీస్ చేయడం

వెంటనే సర్వీస్‌గా మొదలుపెట్టకుండా ముందు టెర్మినల్‌లో కళ్ల ముందే నడపండి:

సుడో థింక్‌ఫ్యాన్ -ఎన్

కాన్ఫిగ్‌లో తప్పుంటే ఇక్కడే చెబుతుంది. పై వరుస ఎక్కే హద్దు కన్నా కింది వరుస దిగే హద్దు ఎక్కువగా ఉంటే, అంటే మధ్యలో ఏ లెవెల్‌కీ చెందని ఖాళీ మిగిలితే, ఒప్పుకోదు. అది నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో వాచ్ -ఎన్ 1 సెన్సర్స్ పెట్టుకోండి, మూడోదాంట్లో ప్రాసెసర్ మీద బరువు వేయండి:

స్ట్రెస్-ఎన్‌జీ --సీపీయూ 0 --టైమవుట్ 5ఎం

0 అంటే ఉన్న కోర్లన్నీ అని అర్థం. అయిదు నిమిషాల పాటు వేడి ఎలా ఎక్కుతోంది, ఏ లెవెల్ దగ్గర నిలబడుతోంది చూడండి. చాలా ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లకు తమంతట తామే వేగం తగ్గించుకునే హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది, సెన్సర్స్ చూపించే క్రిట్ అనే అంకె మీ మెషీన్‌ది. పూర్తి బరువు మీద వేడి ఆ అంకెకి దగ్గరగా వెళ్లి అక్కడే కూర్చుంటే పై లెవెళ్ల హద్దులను 4, 5 డిగ్రీలు తగ్గించండి. నిశ్శబ్దం కోసం మనం కిందివైపు హద్దులతో ఆడుకోవచ్చు, పైవైపు హద్దుల్లో మాత్రం ఉదారంగా ఉండాలి. బరువు తీసేశాక లెవెళ్లు ఒక్కొక్కటిగా మెట్లు దిగినట్టు దిగుతున్నాయా లేదా అన్నది కూడా చూడండి.

అంతా బాగుంటే కంట్రోల్-సీతో ఆపి, సర్వీస్‌గా మొదలుపెట్టండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ థింక్‌ఫ్యాన్

జర్నల్‌సీటీఎల్ -యు థింక్‌ఫ్యాన్ -బీ అంటే ఈ బూట్‌లో అది రాసిన లాగ్ వస్తుంది.

బ్రౌజర్‌లో ఒక బరువైన పేజీ తెరవగానే ప్రాసెసర్ వేడి ఒక్క సెకను పాటు 15, 20 డిగ్రీలు ఎగిరి వెంటనే పడిపోవడం మామూలే. ఆ చిన్న ఎగుడుకే ఫ్యాన్ లేస్తుంటే థింక్‌ఫ్యాన్‌కి -బీ అనే ఆప్షన్ ఉంది. ఒక్కసారిగా పెరిగిన వేడిని ఎంత ఎక్కువ చేసి చూడాలో, ఎంత తక్కువ చేసి చూడాలో అది నిర్ణయిస్తుంది. మైనస్ అంకె ఇస్తే ఇలాంటి ఎగుళ్లను మెత్తబరుస్తుంది. -బీ-3 దగ్గర మొదలుపెట్టి చూడండి. -ఎస్ అంటే ఎన్ని సెకన్లకోసారి చూడాలని, మామూలుగా 5, దాన్ని మార్చాల్సిన అవసరం నాకు రాలేదు. ఈ ఆప్షన్లు మీ డిస్ట్రిబ్యూషన్‌లో ఎక్కడ చేర్చాలో సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ థింక్‌ఫ్యాన్ అని చూస్తే తెలిసిపోతుంది.

సర్వీస్ చచ్చిపోతే?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు లేకుండా ఏ ఫ్యాన్ సర్వీస్‌నూ వాడొద్దు. ఫ్యాన్ లెవెల్ 1లో ఉండగా సర్వీస్ ఆగిపోయింది, మీరు అప్పుడే వీడియో రెండరింగ్ మొదలుపెట్టారు. ఫ్యాన్‌ను పెంచేవాళ్లు ఎవరూ లేరు.

మామూలుగా ఆపితే థింక్‌ఫ్యాన్ పోతూ పోతూ ఫ్యాన్‌ను ముందున్న స్థితికి తెచ్చి పోతుంది. అలా పోయే అవకాశం కూడా లేకుండా చచ్చిపోతే కెర్నల్ డ్రైవర్‌లో వాచ్‌డాగ్ ఉంది. అది 1 నుంచి 120 సెకన్ల వరకు పెట్టగల టైమర్, థింక్‌ఫ్యాన్ దాన్ని 120కి పెడుతుంది. అంతసేపట్లో ఎవరూ ఫ్యాన్‌కి ఏమీ చెప్పకపోతే డ్రైవరే ఫ్యాన్‌ను భద్రమైన స్థితికి మార్చేస్తుంది. నాకు ఆ రెండు నిమిషాలు కూడా ఎక్కువ అనిపించి సర్వీసులన్నిటినీ మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీతో ఇంకో కాపలా పెట్టుకున్నాను. సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ థింక్‌ఫ్యాన్ అని కొట్టి, తెరుచుకున్న ఫైల్‌లో ఇవి రాయండి:

[సర్వీస్]
రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=10
ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్=/బిన్/ఎస్‌హెచ్ -సీ "ఎకో లెవెల్ ఆటో > /ప్రాక్/ఏసీపీఐ/ఐబీఎం/ఫ్యాన్"

ఇక్కడ మాత్రం బ్రాకెట్లలోని పేరులోనూ, సమానం గుర్తుకి ఎడమవైపు పేర్లలోనూ ప్రతి మాట మొదటి అక్షరం క్యాపిటల్, మాటల మధ్య ఖాళీ ఉండదు. ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్ సర్వీస్ మామూలుగా ఆగినా, క్రాష్ అయినా నడుస్తుంది. అంటే ఏ రకంగా ఆగినా ఫ్యాన్ వెంటనే ఈసీ చేతికి పోతుంది, పది సెకన్ల తర్వాత సర్వీస్ మళ్లీ లేస్తుంది.

రాసి ఊరుకోకుండా పరీక్షించండి. సుడో పీకిల్ -9 థింక్‌ఫ్యాన్ అని కొట్టి వెంటనే ఫ్యాన్ ఫైల్ చదివితే లెవెల్ ఆటో అని కనిపించాలి. పది, పదిహేను సెకన్ల తర్వాత మళ్లీ చదివితే అంకె కనిపించాలి. ఈ రెండూ కళ్లారా చూశాకే నేను ధైర్యంగా మెషీన్ వదిలి లేచాను.

నిద్రపుచ్చి లేపినప్పుడు కూడా ఇదే పరీక్ష. మూత మూసి, కొన్ని నిమిషాలు ఆగి, తెరిచి, ఫ్యాన్ ఫైల్ చదవండి. సస్పెండ్ నుంచి లేచేటప్పుడు ఈసీ కొన్నిసార్లు ఫ్యాన్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది. థింక్‌ఫ్యాన్‌తో పాటే థింక్‌ఫ్యాన్-స్లీప్, థింక్‌ఫ్యాన్-వేకప్ అని రెండు చిన్న యూనిట్లు వస్తాయి, పడుకునేముందు, లేచాక దానికి సంగతి చెప్పడమే వాటి పని. లేచాక కూడా ఆటోలోనే ఉండిపోతోందంటే ఆ రెండూ ఎనేబుల్ అయ్యాయో లేదో చూడండి.

ఇంకో జాగ్రత్త, ఒకే ఫ్యాన్ మీద రెండు సర్వీసులు పెట్టొద్దు. ఫ్యాన్‌కంట్రోల్, థింక్‌ఫ్యాన్ రెండూ నడిస్తే ఒకటి పెంచినదాన్ని ఇంకోటి తగ్గిస్తూ ఉంటుంది, ఏ లాగ్ చూసినా తప్పు కనిపించదు. టీఎల్‌పీ లాంటి బ్యాటరీ పొదుపు సర్వీసులు ఫ్యాన్ జోలికి రావు, వాటితో ఏ గొడవా లేదు.

పెట్టాక కనీసం ఒక వారం మామూలుగా వాడుతూ, రోజుకోసారి లాగ్ చూడండి. ఏ లెవెళ్ల మధ్య ఎక్కువసార్లు మారుతోందో అక్కడే దూరం ఇంకో రెండు డిగ్రీలు పెంచండి, మిగతావి ముట్టుకోవద్దు. వాతావరణం బాగా వేడెక్కే నెలల్లో గదిలోనే వేడి ఎక్కువ కాబట్టి ఖాళీగా ఉన్నప్పటి వేడి కూడా పైకి జరుగుతుంది, అప్పుడు కింది రెండు వరుసలను మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఎప్పుడైనా ఇదంతా వద్దనిపిస్తే వెనక్కి వెళ్లడం రెండు నిమిషాల పని. సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ --నౌ థింక్‌ఫ్యాన్ అని కొట్టి, ఫ్యాన్ ఫైల్‌లో లెవెల్ ఆటో అని ఉందో లేదో చూసి, మాడ్‌ప్రోబ్.డీలో పెట్టిన ఫైల్ తీసేసి రీబూట్ చేయండి. ఫ్యాన్ ఫైల్‌లో కమాండ్స్ వరుసలు మాయమైతే ఫ్యాన్ పూర్తిగా ఈసీ చేతికి వెళ్లిపోయినట్టే.